తేలే అయస్కాంతాన్ని చూసి మాత్రమే కొనకండి: డిగ్రీ ల్యాబుకు అతివాహకత కిట్

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు డిగ్రీ కాలేజీల ఫిజిక్సు ల్యాబులకు అతివాహకత (బాగా చల్లబరిస్తే కొన్ని పదార్థాల్లో విద్యుత్ నిరోధం సున్నా కావడం) కిట్ కొనాలనుకునేవాళ్ల కోసం ఈ సమీక్ష. ల్యాబ్ సామాను కేటలాగుల్లో ఈ కిట్ రెండు రకాలుగా దొరుకుతుంది. చిన్నదాంట్లో ఒక నల్ల బిళ్ళ, ఒక అయస్కాంతం, థర్మాకోల్ గిన్నె, ప్లాస్టిక్ పట్టకారు ఉంటాయి. పెద్దదాంట్లో వీటికి తోడు నాలుగు తీగలు అతికించిన కడ్డీ, పీటీ-100 ఉష్ణోగ్రత సెన్సారు, 100 మిల్లీ ఆంపియర్ల స్థిర విద్యుత్తునిచ్చే పెట్టె, మిల్లీవోల్టు మీటరు వస్తాయి. మా తీర్పు ముందే చెప్తున్నాం. చిన్నది వద్దు. పెద్దది కొనండి, దాని మీటరు మాత్రం మార్చుకోండి. కిట్‌తో వచ్చే గైడులో మైస్నర్ ప్రభావం (అతివాహకం తన లోపలి అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెట్టెయ్యడం) గురించి ఉన్న పేజీని సరిచెయ్యకుండా పిల్లల చేతికి ఇవ్వకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం 2023 జులైలో జరిగిన గొడవ. ఎల్‌కే-99 అనే పదార్థం గది వేడిమిలోనే అతివాహకమవుతుందని దక్షిణ కొరియా బృందం ఒకటి ప్రకటించింది. అయస్కాంతం మీద ఒక మూల ఆనించుకొని సగం పైకి లేచిన ముక్క వీడియో ప్రపంచమంతా తిరిగింది. వేరే ల్యాబులు అదే పదార్థం తయారుచేసి చూశాక కొద్ది వారాల్లోనే సంగతి బయటపడింది. ముక్క లేవడానికి కారణం దాంట్లోని ఫెర్రో అయస్కాంత గుణం. 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిరోధం ఒక్కసారిగా పడిపోవడానికి కారణం మలినంగా మిగిలిన కాపర్ సల్ఫైడ్ ఆ వేడిమిలో స్ఫటిక రూపం మార్చుకోవడం. ఒక పదార్థాన్ని అతివాహకం అనాలంటే నిరోధం సున్నా కావాలి, లోపలి అయస్కాంత క్షేత్రాన్ని అది బయటికి నెట్టెయ్యాలి కూడా. ఈ రెండూ విడివిడిగా కొలిచిన విద్యార్థి అలాంటి వీడియో చూసి మోసపోడు. చిన్న కిట్‌తో ఆ కొలతలు సాధ్యం కావు.

ముందు బిళ్ళ సంగతి. అది యిట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన పింగాణీ లాంటి పదార్థం, పొట్టిగా వైబీసీఓ. 1986లో జ్యూరిక్‌లోని ఐబీఎం ల్యాబులో బెడ్‌నోర్జ్, ముల్లర్ లాంథనం, బేరియం కలిసిన రాగి ఆక్సైడులో 30 కెల్విన్ (మైనస్ 243 డిగ్రీల సెల్సియస్) దాటిన అతివాహకతను చూశారు. మరుసటేడు వూ, చూ బృందాలు లాంథనం స్థానంలో యిట్రియం పెట్టి 93 కెల్విన్ దగ్గరకు చేరాయి. బిళ్ళను చల్లబరచడానికి వాడే ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్ దగ్గర, అంటే మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. బిళ్ళ పనిచేసే వేడిమి ఆ గీత పైన ఉంది కాబట్టే మన జిల్లాల్లో ఈ ప్రయోగం సాధ్యమైంది. లేకపోతే 4 కెల్విన్ ద్రవ హీలియం కావాలి, అది డిగ్రీ కాలేజీ తరం కాదు. ఇంకో మాట కూడా పిల్లలకు చెప్పాలి. బిళ్ళలోని యిట్రియం, అయస్కాంతంలోని నియోడిమియం రెండూ రేర్ ఎర్త్ మూలకాలే. ఛత్రపురం దగ్గర సముద్రపు ఇసుకలోంచి ఐఆర్‌ఈఎల్ సంస్థ తీసే ఖనిజం మోనజైట్‌లో ఉండేది ఈ కుటుంబమే. అందులో నియోడిమియం బాగానే దొరుకుతుంది, యిట్రియం కొద్దిగా ఉంటుంది.

బిళ్ళల్లో రెండు జాతులున్నాయి. కేటలాగు ఆ తేడా చెప్పదు, డబ్బు వృథా అయ్యేది అక్కడే. పొడిని నొక్కి కాల్చిన మామూలు బిళ్ళ చవక. కరిగించి ఒకే స్ఫటికంగా పెంచిన బిళ్ళ ధర దానికి ఎన్నో రెట్లు. ఖరీదైనది అన్నిటికీ మంచిదనుకుంటే పొరపాటే. అందులో అయస్కాంత క్షేత్రపు సుడులు, అంటే క్షేత్రం సన్నని గొట్టాల్లా లోపలికి దూరిన చోట్లు, గట్టిగా పాతుకుపోతాయి. అయస్కాంతాన్ని బిళ్ళ కింద వేలాడదీసినా పడిపోదు, పక్కకు తోస్తే వెనక్కి వస్తుంది. చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ అది మైస్నర్ ప్రభావం కాదు. సుడులు పాతుకుపోయిన చోట క్షేత్రం బయటికి పోలేదు కాబట్టి అసలు మైస్నర్ ప్రభావం ఆ బిళ్ళలో దాదాపు కనబడకుండా పోతుంది. మైస్నర్ చూపించడానికి చవక బిళ్ళే మేలు. 25 మిల్లీమీటర్ల వ్యాసం, 5 మిల్లీమీటర్ల మందం ఉంటే చాలు.

గైడు పేజీలో తప్పు ఇదీ. బిళ్ళను ముందు చల్లబరచి, తర్వాత అయస్కాంతాన్ని దాని పైన పెట్టమంటుంది. అది తేలగానే మైస్నర్ ప్రభావం రుజువైందంటుంది. లెంజ్ నియమం తెలిసిన ఇంటర్ పిల్లవాడు కూడా దీన్ని ఖండించగలడు. నిరోధం లేని ఏ వాహకం దగ్గరికైనా అయస్కాంతం తెస్తే ప్రేరిత విద్యుత్తు పుట్టి, తగ్గకుండా తిరుగుతూ, అయస్కాంతాన్ని తేలుస్తుంది. 1933లో బెర్లిన్‌లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ చేసింది దీనికి తిరగేసిన వరస. క్షేత్రం లోపల ఉండగా చల్లబరిచారు, అయినా క్షేత్రం బయటికి పోయింది. ల్యాబులో కూడా అలాగే చెయ్యాలి. బిళ్ళ గది వేడిమిలో ఉండగానే దాని మీద చిన్న, పలచటి అయస్కాంతం పెట్టండి. 3 మిల్లీమీటర్ల వ్యాసం చాలు. పెద్దదైతే సుడులు ఎక్కువై ఫలితం చెడుతుంది. నైట్రోజన్‌ను గిన్నె అంచు వెంబడి పోయండి. నేరుగా బిళ్ళ మీద పోస్తే పగులు వస్తుంది. మట్టం బిళ్ళ పైఅంచుకు అందగానే ఆపండి. బుడగల జోరు ఒకటి రెండు నిమిషాల్లో తగ్గుతుంది. బిళ్ళ 92 కెల్విన్ కిందికి దిగుతుండగా అయస్కాంతం తనంతట తానే ఒకటి రెండు మిల్లీమీటర్లు లేస్తుంది. నిరోధం లేకపోవడం ఒక్కటే కారణమైతే ఇలా లేవకూడదు. క్షేత్రం మారలేదు, కాబట్టి ప్రేరిత విద్యుత్తు పుట్టే అవసరం లేదు. ఎత్తు తక్కువే అయినా విద్యార్థి చూడాల్సింది ఇదే.

ఖరీదైన బిళ్ళ కూడా ఉంటే దాని పద్ధతి వేరు. బిళ్ళకూ అయస్కాంతానికీ మధ్య 2, 3 మిల్లీమీటర్ల అట్టముక్క పెట్టి చల్లబరచాలి, తర్వాత ముక్కను లాగెయ్యాలి. అయస్కాంతం అదే ఎత్తులో ఆగిపోతుంది. ఉక్కు పట్టకారు దగ్గరికి రానివ్వకండి. అయస్కాంతం ఎగిరి దానికి అంటుకొని అంచులు పగులుతాయి. ఈ సుడులను 1957లోనే అబ్రికోసోవ్ లెక్కగట్టి చెప్పాడు. ఒక్కో సుడిలో సరిగ్గా 2.07 × 10⁻¹⁵ వెబర్ల క్షేత్ర ప్రవాహం ఉంటుంది.

ఇక నైట్రోజన్. కిట్‌తో ఇది రాదు. దాని ధర కంటే తెచ్చే బండి ఖర్చే ఎక్కువ. బరంపురం వాళ్లకు భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు. పర్లాకిమిడి, రాయగడ వాళ్లు విశాఖ పారిశ్రామిక గ్యాసు డీలర్లను అడగడం నయం. దగ్గర దారి ఇంకొకటుంది. పశువుల కృత్రిమ గర్భధారణకు వాడే వీర్యం ద్రవ నైట్రోజన్‌లోనే నిలవ ఉంటుంది కాబట్టి జిల్లా పశుసంవర్ధక శాఖ డిపోలకు అది క్రమం తప్పకుండా వస్తుంది. ప్రిన్సిపాల్ ఉత్తరంతో డిపోలో అడగండి. ఊళ్లో తిరిగే సిబ్బంది దగ్గరున్న చిన్న క్యాన్‌లోంచి మాత్రం ఎన్నడూ తీసుకోవద్దు. దాంట్లో మట్టం తగ్గితే వీర్యం పాడై రైతు నష్టపోతాడు. తేవడానికి 3 లీటర్ల అల్యూమినియం క్యాన్ సరిపోతుంది. ముప్ఫైమంది తరగతికి తేలే ప్రయోగానికి లీటరు, నిరోధం కొలతకు రెండు లీటర్లు పడతాయి. మంచి క్యాన్ కదలకుండా ఉంచితే వారం పైనే నిలుపుతుంది. క్యాన్ పైభాగం చెమట పట్టినా, మంచు పేరుకున్నా లోపలి వాక్యూమ్ పోయినట్టే, అది తీసుకోకండి.

క్యాన్‌ను బస్సులో, రైల్లో, అద్దాలు మూసిన కారులో తేకూడదు. లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. మూడు మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మూసిన గదిలో 5 లీటర్లు ఒలికితే గాలిలో ఆక్సిజన్ 21 నుంచి 18 శాతం దగ్గరకు పడుతుంది. మూతి బిగించే థర్మోస్ ఫ్లాస్కులో అసలు పోయకూడదు, ఒత్తిడి పెరిగి పేలుతుంది. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. నూలు గ్లౌజులు వేసుకోవడం కంటే వేసుకోకపోవడమే నయం. ద్రవాన్ని పీల్చుకొని చర్మానికి అంటిపెట్టుకుంటాయి. వదులుగా ఉండి విదిలిస్తే ఊడిపోయే తోలు గ్లౌజులు కావాలి. గైడులో ఈ జాగ్రత్తలున్నాయి, కానీ ఇంగ్లీషులో, చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉన్నాయి. ఇక్కడి పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడి వచ్చినవాళ్లు. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాషలో చదువు కోసం పోరాడిన ఊరు పర్లాకిమిడి. ఈ ఒక్క పేజీనైనా వాడుక తెలుగులో, ఒడియాలో రాసి గోడకు అతికించడం ల్యాబు బాధ్యత.

కిట్ ఆయుష్షును తినేసేది మన తీరపు తేమ. గంజాం వైపు వానాకాలంలో చల్లటి బిళ్ళ మీద నిమిషాల్లో మంచు పేరుకుంటుంది. అయస్కాంతం దానికి అంటుకుపోయి లేవదు, పిల్లలు బిళ్ళ పాడైందనుకుంటారు. గిన్నె మీద పారదర్శకమైన మూత ఉంచి, ఆవిరి పోవడానికి చిన్న సందు వదలండి. అసలు దెబ్బ ప్రయోగం అయ్యాక తగులుతుంది. మంచు కరిగిన నీరు బిళ్ళ రంధ్రాల్లోకి దిగి బేరియంతో చర్య జరుపుతుంది. తర్వాత గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి తెల్లటి బేరియం కార్బొనేట్ పొడిగా పైకి వస్తుంది. బిళ్ళ మీద తెల్లపొర కనిపిస్తే కారణం అదే, దాన్ని ఒట్టి చేత్తో తుడవకండి, ఆ పొడి విషం. నైట్రోజన్ ఆవిరైపోగానే బిళ్ళను నీలం సిలికా జెల్ ఉన్న పెట్టెలో మూసి, గది వేడిమికి వచ్చాకే బయటికి తియ్యాలి. తర్వాత బిగువైన సీసాలో, మళ్లీ సిలికా జెల్‌తో దాచాలి. జెల్ గులాబీ రంగుకు తిరిగితే 120 డిగ్రీల దగ్గర వేడిచేస్తే మళ్లీ నీలమవుతుంది. కిట్‌లో ఇచ్చే చిన్న పొట్లం మన వానాకాలానికి చాలదు, పావుకిలో కొనిపెట్టుకోండి.

ఇప్పుడు పెద్ద కిట్ విలువంతా ఉన్న చోటు, నాలుగు తీగల కొలత. బయటి రెండు తీగల్లో విద్యుత్తు పంపి, లోపలి రెండిటి మధ్య వోల్టేజి చూస్తాం. మామూలు రెండు తీగల ఓమ్ మీటరు ఇక్కడ పనికిరాదు. కడ్డీ నిరోధం కొన్ని మిల్లీ ఓములే, తీగలది, అతుకులది దానికి వందల రెట్లు. కిట్‌లోని మీటరు లోపం ఇక్కడే బయటపడుతుంది. 2 మిల్లీమీటర్ల మందం, 5 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న కడ్డీలో సెంటీమీటరు దూరానికి నిరోధం సుమారు 10 మిల్లీ ఓములు. 100 మిల్లీ ఆంపియర్లకు వోల్టేజి 1 మిల్లీవోల్టు. 100 కెల్విన్ దగ్గర అది సగం కంటే కిందికి దిగుతుంది. కిట్ మీటరు అతి చిన్న మెట్టు 0.1 మిల్లీవోల్టు. అంటే అసలు చూడాల్సిన పతనం మొత్తం నాలుగు మెట్లలో అయిపోతుంది, దాంతో గ్రాఫు గియ్యలేం. ఒక మైక్రోవోల్టు దాకా చూపే మీటరు లేదా చిన్న యాంప్లిఫయర్ విడిగా పెట్టుకోవాలి.

వేడిమిని బట్టి పీటీ-100 నిరోధం మారుతుంది, దాన్ని నమ్మేముందు సరిచూడండి. మంచు కలిసిన నీటిలో 100 ఓములు, ద్రవ నైట్రోజన్‌లో 20.3 ఓములు చూపించాలి. మనకు కావాల్సిన మార్పు 27 ఓముల దగ్గర వస్తుంది. ఈ ప్రాంతంలో కెల్విన్‌కు 0.43 ఓమే మార్పు కాబట్టి తీగల నిరోధం ఒక ఓము కలిసినా లెక్క 2 కెల్విన్లకు పైగా తప్పుతుంది. సెన్సారుకూ నాలుగు తీగలు వెయ్యడం ఉత్తమం. మా చేతికొచ్చిన కిట్‌లో సెన్సారును కడ్డీకి కాక దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ ముక్కకు అతికించారు. దాన్ని ఊడదీసి, వాక్యూమ్ గ్రీజు రాసి, కడ్డీకి ఆనించి దారంతో కట్టాలి.

కొలతలు చల్లబరిచేటప్పుడు కాక వేడెక్కేటప్పుడు తియ్యండి. కడ్డీని నైట్రోజన్‌లో ముంచి, పైకెత్తి, మట్టానికి కొంచెం పైన ఆపితే నిమిషానికి ఒకటి రెండు కెల్విన్ల చొప్పున ఎక్కుతుంది. తొందరపడితే సెన్సారు వెనకబడి ఫలితం కొన్ని కెల్విన్లు జరుగుతుంది. ప్రతి పాయింటు దగ్గరా విద్యుత్తు దిశ మార్చి రెండు రీడింగుల తేడాలో సగం తీసుకుంటే వేడి వల్ల అతుకుల్లో పుట్టే వోల్టేజి కొట్టుకుపోతుంది. మంచి కడ్డీలో పతనం 92, 93 కెల్విన్ల దగ్గర మొదలై 88, 90 మధ్య అడుగుకు చేరుతుంది. గ్రాఫులో తోక 80 కెల్విన్ల దాకా సాగితే ముందు విద్యుత్తును 50 మిల్లీ ఆంపియర్లకు తగ్గించి చూడండి. తోక పొట్టిదైతే రేణువుల మధ్య అతుకులు బలహీనంగా ఉన్నాయి. అప్పటికీ మారకపోతే కడ్డీలో ఆక్సిజన్ తక్కువై ఉండొచ్చు. వెండి పెయింటు అతుకులు ఎన్నోసార్లు చల్లబడి వేడెక్కాక ఊడతాయి, పెయింటు సీసా ఒకటి దగ్గరుండాలి.

పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంటుంది: మీటరు సున్నా చూపితే నిజంగా సున్నా అయినట్టేనా? కాదు. మైక్రోవోల్టు మీటరుతో 10 మైక్రో ఓముల కంటే తక్కువ అని మాత్రమే చెప్పగలం. అసలు రుజువు వలయంలో తిరుగుతూనే ఉండే విద్యుత్తు. 1963లో ఫైల్, మిల్స్ అతివాహక కాయిల్‌లో దాన్ని కొలిచి, తగ్గడానికి లక్ష ఏళ్లకు పైనే పడుతుందని తేల్చారు. బరంపురంలో, విశాఖలో రోగుల్ని పడుకోబెట్టే ఎంఆర్ఐ యంత్రం నడిచేది ఈ గుణం మీదే. ఒకసారి కాయిల్‌లోకి విద్యుత్తు ఎక్కించాక సరఫరా తీసేసినా క్షేత్రం అలాగే ఉంటుంది.

గైడుతో వచ్చే చరిత్ర పోస్టరు 1911తో మొదలై 1987తో ఆగిపోతుంది. లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ పాదరసంలో 4.2 కెల్విన్ దగ్గర నిరోధం మాయమవడం, 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ ఎలక్ట్రాన్ల జంటలతో దాన్ని వివరించడం, 1962లో జోసెఫ్‌సన్ అంచనా (రెండు అతివాహకాల మధ్యనున్న పలచటి అడ్డుపొరను ఎలక్ట్రాన్ల జంటలు దాటిపోతాయని) అన్నీ బాగానే ఉన్నాయి. ఆ తర్వాతి కథ మీరే చేర్చాలి. 2015లో హైడ్రోజన్ సల్ఫైడ్‌ను సుమారు 150 గిగాపాస్కల్స్ ఒత్తిడిలో నలిపితే 203 కెల్విన్‌కే అతివాహకమైంది. 2019లో లాంథనం హైడ్రైడ్ 250 కెల్విన్ల దగ్గరకు చేరింది. ఇవి నిలబడ్డాయి. 2020లో, 2023లో నేచర్ పత్రికలో వచ్చిన రెండు గది ఉష్ణోగ్రత ప్రకటనలు నిలబడలేదు, పత్రికే వాటిని వెనక్కి తీసుకుంది. అదనపు పీడనం లేకుండా దశాబ్దాలుగా పైమెట్టు మీద ఉన్నవి పాదరసం కలిసిన రాగి ఆక్సైడులే, సుమారు 134 కెల్విన్లు. రాగి ఆక్సైడుల్లో జంటలు ఎలా కుదురుతున్నాయో ఇంకా అందరూ ఒప్పుకున్న సిద్ధాంతం లేదు. మన దేశపు పేజీ కూడా ఒకటుండాలి. ముంబయిలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్ బృందం 1994లో యిట్రియం, నికెల్, బోరాన్, కార్బన్ కలిసిన అతివాహకాన్ని చూపింది. అక్కడే తర్వాత స్వచ్ఛమైన బిస్మత్ 0.53 మిల్లీకెల్విన్ దగ్గర అతివాహకమవుతుందని కనుక్కున్నారు. 2025 భౌతిక నోబెల్ జోసెఫ్‌సన్ సంధులతో చేసిన సర్క్యూట్లలో క్వాంటం ప్రవర్తన చూపిన క్లార్క్, డెవొరే, మార్టినిస్‌లకు వచ్చింది.

92 కెల్విన్ పదార్థం ఉండగా ఆసుపత్రి యంత్రాల్లో ఇంకా 9 కెల్విన్ నియోబియం–టైటానియం తీగనే ఎందుకు వాడతారని పిల్లలు అడిగితే బిళ్ళనే చేతికివ్వండి. కింద పడితే పగిలే పింగాణీని తీగగా లాగి చుట్టలేం. రేణువుల హద్దుల దగ్గర విద్యుత్తు కూడా తెగిపోతుంది. అందుకే ఇప్పుడు సన్నని లోహపు రిబ్బను మీద మైక్రాను మందాన, స్ఫటికాలన్నీ ఒకే వరుసలో ఉండేలా పూతగా వేస్తున్నారు. 2021లో మసాచుసెట్స్‌లో 20 టెస్లాలు అందుకున్న, ఫ్యూజన్ (కేంద్రక సంలీన) రియాక్టరు కోసం చేసిన అయస్కాంతాన్ని ఇలాంటి రిబ్బనుతోనే చుట్టారు.

బిళ్ళను సొంతంగా చేసుకోవచ్చా అంటే, కెమిస్ట్రీ వాళ్ల దగ్గర 950 డిగ్రీలు అందుకునే కొలిమి ఉంటే చేసుకోవచ్చు. 10 గ్రాముల మిశ్రమానికి యిట్రియం ఆక్సైడు 1.513, బేరియం కార్బొనేట్ 5.289, కాపర్ ఆక్సైడు 3.198 గ్రాములు. మాస్కు వేసుకొని బాగా నూరి, 900 దాటిన వేడిమిలో పన్నెండు గంటలకు పైగా కాల్చి, మళ్లీ నూరి, నొక్కి, మళ్లీ కాల్చాలి. ఆకుపచ్చగా వస్తే పాళ్లు తప్పాయి, లేదా చర్య పూర్తికాలేదు. చాలామంది చెడగొట్టేది చివరి మెట్టు. 400 నుంచి 500 డిగ్రీల మధ్య ఆక్సిజన్ పారిస్తూ గంటల తరబడి నెమ్మదిగా చల్లార్చాలి. తొందరపడితే ఆక్సిజన్ చాలక, నైట్రోజన్‌లో ఎంతసేపు ముంచినా అతివాహకం కాని నల్ల బిళ్ళ మిగులుతుంది.

ఆర్డరు పెట్టేటప్పుడు మీకు పంపే కడ్డీకే తీసిన ఉష్ణోగ్రత–నిరోధ గ్రాఫు కావాలని రాతపూర్వకంగా అడగండి. నమూనా గ్రాఫు ఒప్పుకోవద్దు. మీటరు అతి చిన్న మెట్టు ఎంతో కొటేషన్‌లోనే రాయించండి. మీటరు లేకుండా ఇస్తారేమో కూడా అడగండి, ఆ డబ్బు మంచి మీటరుకు కలిసొస్తుంది. బిళ్ళ గాలి చొరని ప్యాకింగులో రాకపోయినా, దాని మీద తెల్లపొర ఉన్నా ఫొటో తీసి అదే రోజు వెనక్కి పంపండి. వానలు తగ్గాక, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల సామాను చేరేలా చూసుకుంటే మొదటి ప్రయోగాలకు తేమ ఇబ్బంది తక్కువగా ఉంటుంది.